ఏసీ ఉంచి టర్బో పెట్టాలంటే

నా కారు బానెట్ కింద, ఇంజన్‌కు ముందువైపు, జానెడు జాగా ఉంది. దాని కోసం రెండు వస్తువులు పోట్లాడుకున్నాయి. ఒకటి ఏసీ కంప్రెసర్, కారు పుట్టినప్పటి నుంచీ అక్కడ కాపురం ఉంటున్నది. రెండోది ఇంకా ఇంటికి రాని టర్బో. ఈ తగవు తీర్చలేక నేను ఒక ఎండాకాలమంతా తల పట్టుకు కూర్చున్నాను. చెప్పుకుంటే నవ్వుతారు, సూరత్ పక్కన హజీరాలోని ఒక పెద్ద ప్లాంటులో నా ఉద్యోగమే కంప్రెసర్ల సెక్షన్లో. ఇల్లంత కంప్రెసర్లు అక్కడ నా మాట వింటాయి. సొంత కారులో కొబ్బరికాయంత కంప్రెసర్ దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర పనిచేయడం మానేసింది.

టర్బో సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజన్ వదిలే పొగ వేడిగా, వేగంగా బయటికి పోతుంది. ఆ దారిలో ఒక చిన్న చక్రం పెడితే పొగ తగిలి గిరగిరా తిరుగుతుంది. దానికే బిగించిన ఇంకో చక్రం బయటి గాలిని లాగి ఇంజన్‌లోకి దట్టించి పంపుతుంది. గాలి ఎక్కువ వెళ్తే దానికి తగ్గట్టు పెట్రోలు కాలుతుంది, బండి ఉరుకుతుంది. ఊరికే పోయే పొగ చేత పని చేయించుకోవడం అన్నమాట. ఈ ఆలోచన నాకు కాలేజీ రోజుల నుంచీ మహా ఇష్టం. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ చక్రాలు వేగం అందుకున్నప్పుడు సన్నటి ఈల ఒకటి వస్తుంది. నా పిచ్చి అంతా ఆ ఈల మీదే.

నాది పాత చిన్న పెట్రోలు కారు. ఎత్తు వంతెన ఎక్కాలంటే ఆయాసపడుతుంది. కొత్త కారు కొనుక్కోవచ్చు కదా అని అందరూ అన్నారు. మా అమ్మానాన్నల్ని నేను అవ్వ, బాపు అంటాను. అవ్వ అయితే, "పెండ్లి జేస్కో బిడ్డా అంటే కారుకు టర్బో పెడ్త అంటవు. గా టర్బో ఏమన్న సంబంధం దెస్తదా?" అని అడిగింది. ఆ కారు నాకు నచ్చింది, అంతే. పైగా బాపుకు అలవాటైన కారు అది.

మా బాపు మగ్గం మనిషి. ఉత్తర తెలంగాణలోని ఒక పల్లె నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చి, లింబాయత్‌లో పవర్‌లూమ్ షెడ్డులో పనికి కుదిరాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ గల్లీలోనే. ఏ ఇంటి కింది అంతస్తు చూసినా మగ్గాలే, పగలూ రాత్రీ ఒకటే మోత. మా ఇంట్లో ఉప్పు అందుకొమ్మనాలన్నా అరవాల్సిందే. ఇక షెడ్డు లోపల అరుపు కూడా పనికిరాదు. అక్కడివాళ్లు గొంతు వాడరు. పెదవులు బాగా తెరిచి కదుపుతూ, చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటారు. రెండు మగ్గాల అవతల ఉన్న మనిషితో ఇంటి సంగతులన్నీ అలాగే చెప్పుకుంటారు. చిన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా తీసుకెళ్తూ నేనూ ఆ మాట నేర్చుకున్నాను. చదువులో పడి మరిచిపోయాను.

ఆ మోతలో ఇన్నేళ్లు నిలబడితే చెవులు మిగలవు. కిందటి ఏడాది చెవి డాక్టరు బాపును పరీక్ష చేసి, పోయింది ఇక తిరిగి రాదు, ఉన్నదైనా నిలవాలంటే మగ్గం మానెయ్యాలి అని కచ్చితంగా చెప్పాడు. బాపు తల ఊపి, తెల్లారి మళ్లీ షిఫ్టుకు వెళ్లాడు. ఆయన చేత పని మాన్పించడం ఆ రోజు నుంచి నాకు ఒక వ్రతంలా పట్టుకుంది. ఇంట్లో చెప్పే వీల్లేదు, మోత. ఫోన్లో చెప్పే వీల్లేదు, ఆయనకు వినపడదు. మిగిలింది కారు.

నేనుండేది తాపీ నది అవతల, డ్యూటీకి దగ్గరగా. ప్రతి ఆదివారం పొద్దున లింబాయత్ వెళ్లి బాపును ఎక్కించుకునేదాన్ని. దారిలో లోచో తినేవాళ్లం. మెత్తగా ఉడికిన శనగపిండి మీద నూనె, కారప్పొడి, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. ఆదివారం పొద్దున సూరత్‌లో సగం మంది తినేది అదే. తర్వాత కామ్‌రేజ్ దాకా హైవే మీద వెళ్లి రావడం. పనేమీ ఉండదు, ఊరికే. బాపు నోట్లో సోంపు వేసుకుని నములుతూ మాట్లాడేవాడు. మగ్గాల గురించి, ఊళ్లో తన అన్నదమ్ముల గురించి, ఎప్పుడో చచ్చిపోయిన తన మేనత్త వండే పప్పు గురించి. మాటలు మంచి రుచిలో పడ్డాక నేను మెల్లగా మగ్గం ఎప్పుడు మానేస్తున్నావని అడిగేదాన్ని. "సూద్దాం బిడ్డా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. వచ్చే ఆదివారం మళ్లీ అడిగేదాన్ని. ఇదీ మా వరస.

కారులో ఏసీ ఉండాలని నేను పట్టుబట్టింది బాపు కోసమే. అంటే అప్పట్లో నేను అలాగే అనుకున్నాను. ముసలాయన, సూరత్ ఎండ, సముద్రం నుంచి వచ్చే ఉక్క. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

కామ్‌రేజ్ దగ్గర హైవే పక్కన ఒక గ్యారేజీ ఉంది. దాని యజమాని సౌరాష్ట్ర మనిషి, పాత కార్లకు టర్బోలు పెట్టడంలో పేరున్నవాడు. ఒక ఆదివారం బాపును వెంటపెట్టుకుని అక్కడికి వెళ్లాను. అతను బానెట్ ఎత్తి, అరచేయి లోపల పెట్టి ఆ జానెడు జాగా కొలిచి, పెదవి విరిచాడు.

"చూడు బెన్," అన్నాడు హిందీలో. ఇక్కడ ఆడవాళ్లను అక్కా, చెల్లీ అన్నట్టు బెన్ అని పిలుస్తారు. "దీనికి సిద్ధంగా దొరికే కిట్ ఒకటుంది. మంచి సైజు టర్బో, మంచి వేగం. కానీ టర్బో నుంచి కిందికి దిగే గొట్టం సరిగ్గా ఏసీ కంప్రెసర్ మీదుగా పోతుంది. ఏసీ తీసేస్తేనే ఇది కూర్చుంటుంది."

"ఏసీ తీయకూడదు భాయ్."

"అందరూ అలాగే అంటారు. అయితే రెండో దారి. చిన్న టర్బో తీసుకుందాం. గొట్టాలు మనమే వంచి అతుకుదాం. కంప్రెసర్‌ను ఇంత కిందికి దించి కొత్త బ్రాకెట్ చేద్దాం. వేడి తగలకుండా రేకు అడ్డం పెడదాం. కానీ వేగం తగ్గుతుంది. టర్బో గాలిని చల్లబరిచే జాలీ ఒకటి ముందు పెట్టాలి, అది ఏసీ జాలీకి అడ్డమవుతుంది. ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం కూడా కొంచెం తగ్గుతుంది."

"అంటే రెండూ తగ్గుతాయా?"

"రెండూ కొంచెం కొంచెం. మూడో దారి ఉంది. టర్బోను వెనక్కి, సైలెన్సర్ దగ్గరికి పంపేద్దాం. ముందు ఏదీ కదలదు. కాకపోతే నూనె గొట్టాలు అంత దూరం లాగాలి, నువ్వు కాలు నొక్కాక బండికి విషయం తెలిసేసరికి కాస్త టైమ్ పడుతుంది."

బాపు నా భుజం తట్టి ఏమంటున్నాడని అడిగాడు. నేను గట్టిగా, ఏసీ కంప్రెసర్‌కూ టర్బోకూ ఒకే చోట పడట్లేదని చెప్పాను. టర్బోలో కూడా గాలిని నొక్కేది కంప్రెసరే అని కూడా అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

బాపు బానెట్ కిందికి వంగి చూశాడు. "రెండూ కంప్రెసర్లేనా?"

"ఆఁ."

"నువ్వు నౌకరీ జేసేది గవ్వే గదా?"

"ఆఁ బాపూ."

"మరి గింత పరేషానెందుకు?"

పక్కనున్న గ్యారేజీ భాయ్‌కి తెలుగు రాదు గానీ, అతనూ నవ్వాడు.

ఆ తర్వాత నేను చేసిన తప్పు ఏమిటంటే, నలుగురిని అడగడం. ప్లాంటులో నాకు పైఅధికారి ఒకాయన, గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. లంచ్‌లో అడిగితే, "టర్బో ఎందుకండీ, బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ పెట్టించండి, ఆ పొగా వేడీ బాధ ఉండదు" అన్నారు. సరే అని దాని గురించి చదివితే, దాని బెల్టు కూడా ఏసీ బెల్టు ఉన్న చోటే రావాలట. సాయంత్రానికి ఆయనే మళ్లీ పిలిచి, "అసలు ఆర్టీవో అనుమతి, ఇన్సూరెన్సు సంగతి చూసుకున్నారా?" అని ఇంకో బండరాయి నెత్తిన పెట్టి వెళ్లారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకడు ఏసీ అనేది ముసలాళ్లకు అన్నాడు. ఇంకొకడు చిన్న టర్బో పెట్టడం కన్నా ఊరుకోవడం మేలన్నాడు. మరొకడు, కాలు పూర్తిగా నొక్కినప్పుడు ఏసీ దానంతట అదే ఆగిపోయేలా ఒక చిన్న స్విచ్చు పెట్టుకుంటే గొడవే ఉండదన్నాడు. అది బాగుందని సంతోషపడి కింద చదివితే, దాని వల్ల తన కంప్రెసర్ ఎలా పాడైందో వేరొకడు ఇంత పొడుగున రాశాడు.

నేను మామూలుగా ముక్కు మీద కోపం ఉన్నదాన్ని గానీ తికమకపడే మనిషిని కాదు. ప్లాంటులో వాల్వు మూయాలా తెరవాలా అంటే క్షణంలో చెప్తాను. ఇక్కడ మాత్రం పొద్దున పెద్ద టర్బో అనుకుంటే మధ్యాహ్నానికి చిన్నది అనిపించేది. రాత్రికి అసలేదీ వద్దనిపించి, తెల్లారేసరికి ఆ ఈల మళ్లీ చెవిలో మోగేది. చివరికి అసలు ప్రశ్న బాపునే అడుగుదామని, ఒక ఆదివారం అద్దాలెత్తి ఏసీ నడుస్తుండగా అడిగాను.

"బాపూ, కారుల నీకు ఏసీ గావాల్నా, వద్దా?"

"నాకెందుకు బిడ్డా? మా షెడ్ల ఫ్యాను గూడ ఉండదు. గాలి దగిల్తె దారం తెగుతదని బందు వెడ్తరు. ఉడుకల్నే బతికినోన్ని. నాకు సల్లగాలి ఏంజేసుకోను?"

ఎవరి కోసం ఇన్నాళ్లుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానో, ఆయనకే అక్కర్లేదట. మరి నాకు కావాలా? నేను కొలిమి లాంటి ప్లాంటులో తిరిగేదాన్ని, ఓర్చుకోగలను. అయితే ఏసీ ఎవరికి? దీని మీద కూడా నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియకుండా.

ఆ వారమే గ్యారేజీ భాయ్ కొలతలు తీసుకుంటానని కారు అడిగాడు. ఏ కిట్ అయినా ముందు ఆ జాగా ఖాళీగా చూడాలి, మాదిరి రేకు కోయాలి అన్నాడు. ఏసీ గ్యాసు తీసేసి, కంప్రెసర్ విప్పి, పొట్టి బెల్టు ఒకటి తగిలించి కారు తిరిగి ఇచ్చాడు. "నువ్వు తేల్చుకునే దాకా ఇలాగే తిప్పుకో బెన్," అన్నాడు. అలా కొన్ని ఆదివారాలు ఏసీ లేకుండా, నాలుగు అద్దాలూ దించుకుని తిరిగాం.

అప్పుడు మొదలైంది అసలు తికమక. బాపు మాట్లాడడం మానేశాడు.

లోచో బండి దగ్గర దిగినప్పుడు మామూలుగానే ఉండేవాడు. కారు ఎక్కి హైవే మీదికి వచ్చామా, ఇక ఆయన నోటి నుంచి ఒక్క మాట వినపడేది కాదు. కిటికీల్లోంచి గాలి హోరు, లారీల హారన్లు, బైకులు. నేను రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పడానికి లేదు. ఎప్పుడైనా ఓరకంట చూస్తే దవడ ఆడుతూ ఉండేది, సోంపు నములుతున్నాడనుకునేదాన్ని. ఒక్కోసారి చెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పేవాడు, పక్కన పోయే ఫ్యాక్టరీ ఏదో చూపిస్తున్నాడనుకుని తల ఊపేదాన్ని. నా తలలో అప్పుడు నడుస్తున్నది టర్బో లెక్క. పెద్దదా, చిన్నదా, వెనకదా. దానికి కూడా నాలో నేను తల ఊపుకుంటూనే ఉండేదాన్ని.

మగ్గం మాట నేను ఎత్తలేదు. ఆ గాలిలో అరిచి అడిగే ప్రశ్న కాదది. పైగా ఆయన కోపంగా ఉన్నాడేమోనని భయం. ముసలి తండ్రిని ఎండలో కూర్చోబెట్టి కారుతో ఆడుకుంటున్నానని నొచ్చుకున్నాడా? లేక వారం వారం నేను పెట్టే పోరు పడలేక, అడగకముందే నోరు కట్టేసుకున్నాడా? ఏదీ తేలలేదు. ఆయన మౌనం నాకు భరించరానిదిగా ఉండేది. వారంలో నేను ఎదురుచూసేది ఆ రెండు గంటల మాటల కోసమే అని అప్పుడే తెలిసింది నాకు.

అవ్వను అడుగుదామని ఫోన్ చేశాను. బాపుకు నా మీద కోపమొచ్చిందా అన్నాను.

"కోపమా? గాయనకా?" అవ్వ మగ్గాల మోత మీద అరిచి చెప్పింది. "బిడ్డతోని మస్తు ముచ్చట వెట్టిన అని మంచిగ నవ్వుకుంట వచ్చిండు. అన్నీ చెప్పిన, బిడ్డ ఒప్పుకున్నది అన్నడు."

"ఏం ఒప్పుకున్న నేను?"

"నాకేం ఎరుక? మీ బాపూబిడ్డల ముచ్చట మీకే ఉండాలె."

ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడ్డాను. ఆయన నాతో మాట్లాడలేదు. నేను దేనికీ ఒప్పుకోలేదు. మరి ముచ్చట పెట్టింది ఎవరితో? బాపుకు చెవులతో పాటు మతి కూడా తప్పుతున్నదా అనే ఆలోచన వచ్చింది. దాన్ని అక్కడే తొక్కేశాను. ఆ గాభరాలో ఇంకో పని చేశాను. ఇదంతా ఈ టర్బో పెంట వల్లే, ఏదో ఒకటి తేల్చి పారేస్తే కారు గొడవ తీరుతుంది, పాత ఆదివారాలు వస్తాయి అనుకున్నాను. బాపుకు ఏసీ ఎలాగూ వద్దు. గ్యారేజీ భాయ్‌కి ఫోన్ చేసి, ఏసీ తీసేసే కిట్టే పెట్టేయండి, వచ్చే వారం కారు తెస్తాను అని చెప్పేశాను. "ఖాయమేనా?" అని అడిగాడు. ఖాయమే అన్నాను. తేలికపడతాననుకున్నాను గానీ, పడలేదు.

తర్వాతి ఆదివారం కామ్‌రేజ్ నుంచి వెనక్కి వస్తుండగా హైవే మీద లారీ ఒకటి అడ్డం తిరిగి మొత్తం ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు, అందరూ హారన్ల మీద చేతులు పెట్టి కూర్చున్నారు. నేను ఇంజన్ ఆపేశాను. అన్ని వారాల్లో మొదటిసారి నాకు చూడడానికి రోడ్డు లేదు. పక్కకు తిరిగాను.

బాపు పూర్తిగా నా వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నోట్లో సోంపు లేదు. పెదవులు బాగా తెరిచి, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా కదుపుతున్నాడు. చేతులు దానికి తగ్గట్టు తిరుగుతున్నాయి. గొంతు లేదు. షెడ్డులో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

అద్దాలు దించిన కారు బాపుకు షెడ్డు. చుట్టూ అంత మోత ఉంటే గొంతు ఎందుకు వాడాలో ఆయనకు తెలియదు. నలభై ఏళ్ల అలవాటు, మోత మొదలుకాగానే గొంతు దానంతట అది ఆగిపోతుంది, పెదవులు మొదలవుతాయి. తను మాట్లాడట్లేదని ఆయనకు తెలియను కూడా తెలియదు. షెడ్డులో ఎదుటి మనిషి కళ్లు తన నోటి మీదే ఉంటాయి కదా. ఇన్ని ఆదివారాలు ఆయన నాతో మనసు విప్పి మాట్లాడుతూనే ఉన్నాడు. నేను రోడ్డు చూసుకుంటూ తల ఊపుతూ ఉన్నాను.

చిన్నప్పటి మాట వెతుక్కోవాల్సి వచ్చింది. నేనూ పెదవులు పెద్దగా తెరిచి, గొంతు లేకుండా అన్నాను. "మళ్ల జెప్పు బాపూ. మొదటి సంది."

ఆయన కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. చెప్పిందే కదా అన్నట్టు చెయ్యి తిప్పాడు. అయినా చెప్పాడు. కొన్ని మాటలు నాకు అందలేదు, రెండు మూడు సార్లు అడగాల్సి వచ్చింది.

"ఏంది బిడ్డా, మరిచినవా? మగ్గం ఇడిచిపెడ్త అన్న గదా. నువ్వు తల ఊపినవ్. పోయిన్నెలనే సేటుకు చెప్పిన, దీపావళి దాక గూడ ఆగ అని. కొత్త మనిషికి నా మగ్గాలు అప్పజెప్తున్న."

నేను ఏడాది పాటు అడిగిన ప్రశ్నకు జవాబు అది. వారాల కిందటే వచ్చి, కిటికీలోంచి గాలికి పోయింది.

"ఎందుకు ఒప్పుకున్నవ్ బాపూ? ఏడాది సంది సూద్దాం అంటివి గదా."

ఆయన డ్యాష్‌బోర్డు మీది ఏసీ జాలీలను వేలితో చూపించాడు. "గిది బందయినంక తెలిసింది. ఇంట్ల మీ అవ్వ మాట నాకు ఇనబడ్తలేదు. బజార్ల ఎవ్వని మాట ఇనబడ్తలేదు. గీ కారుల అద్దాలు ఎక్కిస్తె నీ మాట ఒక్కటి ఇనబడ్తుండె. గిప్పుడు గదీ లేదు. గా ఉన్న చెవు గూడ పోతె, రేపు అద్దాలు ఎక్కిచ్చినా ఏం లాభం? గందుకే మగ్గం ఇడిచిన. నువ్వు జర గా ఏసీ డబ్బ తియ్యకు. మొదటి దినమే చెప్పిన, తియ్యకు అని. నువ్వు మంచిది అని తల ఊపినవ్."

"నీకు సల్లగాలి అక్కర లేదంటివి గదా?"

"నాకు అక్కర లేదు. నేను అద్దాలెత్తి ఉడుకల కూసుంట. నువ్వు కూసుంటవా? చెమటకు ఉడికిపోతవు."

నాకు ఏడుపు ఆగలేదు. హారన్ల మోతలో నా ఏడుపు ఆయనకు వినపడలేదు గానీ ముఖం కనపడింది. తల మీద చెయ్యి పెట్టాడు. ఏమైందని పెదవులతో అడిగాడు. ఏం లేదని పెదవులతోనే చెప్పాను.

ట్రాఫిక్ కదలగానే నేను చేసిన మొదటి పని కారు వెనక్కి తిప్పడం. కామ్‌రేజ్ గ్యారేజీలో భాయ్ నా కిట్ అట్టపెట్టె విప్పి బల్ల మీద పరిచి, పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. పెద్ద టర్బో నిగనిగలాడుతూ ఉంది. ఒక్క క్షణం దాన్ని చూసి, వద్దన్నాను. చిన్నది పెట్టండి, కంప్రెసర్ దించండి, ఏసీ ఉండాలి అన్నాను.

"రోజుకో మాట చెప్తావు బెన్."

"ఇదే ఆఖరిది భాయ్."

"వేగం తగ్గుతుంది. తర్వాత వచ్చి నన్ను అనకూడదు."

"తగ్గనివ్వండి."

"ట్రాఫిక్‌లో ఏసీ అంత చల్లగా రాదు."

"చల్లగా రాకపోయినా పర్లేదు. అద్దాలు ఎత్తుకుని కూర్చోగలిగితే చాలు."

అతను నా వైపూ బాపు వైపూ చూసి తల గోక్కున్నాడు. ఇన్నాళ్లూ నేను తికమకపడ్డాను, ఇక అతని వంతు. వివరించే ఓపిక నాకు లేదు. పెద్ద కిట్‌ను మళ్లీ పెట్టెలో సర్దుతూ, ఈ కారుకు ఇంత గొడవ చేసి ఇంత చిన్న టర్బో ఎందుకో తనకు అర్థం కావట్లేదని గొణిగాడు.

పని పూర్తయ్యేసరికి వాన రోజులు దగ్గరపడ్డాయి. బ్రాకెట్ ఒకసారి విరిగింది, మళ్లీ చేశారు. ఆర్టీవో చుట్టూ తిరగడం వేరే పెద్ద కథ, దాన్ని ఇక్కడికి తేను. ఈలోగా బాపు మగ్గాలు అప్పజెప్పి ఇంటికి వచ్చేశాడు. పొద్దున లేచి ఏం చేయాలో తోచక గల్లీ చివర టీ బండి దగ్గర నిలబడుతున్నాడని అవ్వ ఫిర్యాదు చేసింది. మా ఇంటికి పంపమన్నాను. వారానికి రెండు మూడు రోజులు వస్తున్నాడు.

కారు చేతికొచ్చిన ఆదివారం లింబాయత్ నుంచి ఆయన్ను ఎక్కించుకుని, అద్దాలు నాలుగూ ఎత్తి, ఏసీ పెట్టాను. చల్లదనం అంతంతమాత్రమే. బాపు సోంపు నోట్లో వేసుకుని, గొంతు సవరించుకుని, పోయిన వారం టీ బండి దగ్గర ఎవరితోనో పడిన వాదన మొదలుపెట్టాడు. గొంతుతో. నేను వింటూ నడిపాను. ఇన్నాళ్ల తర్వాత ఆ బొంగురు గొంతు వింటుంటే నాకు దారి సరిగ్గా కనపడలేదు.

హైవే ఖాళీగా దొరికిన చోట కాలు గట్టిగా నొక్కాను. బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ముందుకు దూకింది. ఇన్నేళ్లు నేను ఎదురుచూసిన ఈల, సన్నగా, పైపైకి లేస్తూ వచ్చింది.

"ఇనబడ్డదా బాపూ?"

"ఏంది?"

మళ్లీ నొక్కాను. మళ్లీ వచ్చింది.

"టర్బో. ఈల ఏస్తున్నది. ఇనబడ్తలేదా?"

బాపు తల కొంచెం పక్కకు వంచి, శ్రద్ధగా విన్నాడు. "లేదు బిడ్డా. నీ మాట ఇనబడ్తున్నది. గదే ఇనబడ్తలేదు."

సన్నని చప్పుళ్లే ముందు పోతాయని డాక్టరు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నేను కాలు తీసేశాను. తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నేను ఆయన వైపు తిరిగి, పెదవులు ముందుకు చాచి, బుగ్గలు పూరించి, గొంతు లేకుండా, చప్పుడు లేకుండా ఈల వేసి చూపించాను. కింది నుంచి పైకి లేచే ఈల. చెయ్యి కూడా దానితో పాటు పైకి లేపాను.

బాపు నా నోటి వైపే చూశాడు. షెడ్డులో మనుషులు చూసినట్టు, కళ్లు ఆర్పకుండా చూశాడు. మెల్లగా ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"గిట్లుంటదా?" అన్నాడు.

"గిట్లనే ఉంటది."

"ఇంకోపారి ఎయ్యి."

సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎత్తిన అద్దాల లోపల ఆయనకు అవి వినపడలేదు. నేను ఇంకోసారి వేశాను.